సంఘమంతా మోకరించినప్పుడు

మన సంఘాల్లో తరచుగా వినిపించే మాట "మా కోసం ప్రార్థన చేయండి" అన్నదే. దానికి వెంటనే వచ్చే జవాబు "తప్పకుండా చేస్తామమ్మా." ఆదివారం ఆరాధన ముగిశాక చెప్పులు వేసుకుంటూ ఒకరు అడుగుతారు, ఇంకొకరు ఒప్పుకుంటారు. వాట్సాప్ గ్రూపులో ఒక మనవి పెడితే పది నిమిషాల్లో ఇరవై జోడించిన చేతుల బొమ్మలు వచ్చేస్తాయి. అడిగినవారు నిజమైన భారంతోనే అడిగారు. ఒప్పుకున్నవారికీ అబద్ధం చెప్పాలన్న ఉద్దేశం లేదు. అయినా ఆ రాత్రి ఎంతమంది ఆ పేరు ఎత్తి దేవుని సన్నిధిలో నిలిచారో ఎవరి మనస్సాక్షికి వారే జవాబు చెప్పుకోవాలి.

ప్రార్థన కూటాలకైతే మనకు కొదువ లేదు. వారం మధ్యలో బైబిలు పఠనం, శుక్రవారం ఉపవాస ప్రార్థన, నెలారంభ కూటం, ఇళ్లలో కాటేజీ ప్రార్థనలు, డిసెంబరు 31 రాత్రి జాగరణ ఆరాధన ఉన్నాయి. గల్ఫ్ దేశాల్లో పనిచేసే బిడ్డలు, ఇక్కడి తల్లిదండ్రులు తెల్లవారుజామున ఫోనులోనే కలుసుకొని ప్రార్థించుకోవడం కూడా ఇప్పుడు మామూలైపోయింది. ఇంత ప్రార్థన జరుగుతున్నా, "మన సంఘం నిజంగా కలిసి ప్రార్థిస్తోందా?" అనే ప్రశ్న మాత్రం మిగిలే ఉంది. ఒకే గదిలో కూర్చోవడం, ఒకే భారం మోయడం ఒకటి కావు. ఈ తేడాను లేఖనాలు ఎలా చూపిస్తున్నాయో, మన తెలుగు సంఘ చరిత్రలో అది ఎలా కనబడిందో ఈ వారం ధ్యానిద్దాం.

మరియ ఇంట్లో ఆ రాత్రి

అపొస్తలుల కార్యములు 12వ అధ్యాయం యెరూషలేము సంఘానికి వచ్చిన ఒక గొప్ప కష్టంతో మొదలవుతుంది. హేరోదు రాజు యోహాను సహోదరుడైన యాకోబును కత్తితో చంపించాడు. అది కొందరికి నచ్చిందని గ్రహించి పేతురును కూడా పట్టుకున్నాడు. అవి పులియని రొట్టెల పండుగ దినాలు. పస్కా అయ్యాక అతణ్ణి ప్రజల ముందుకు తేవాలని చెరసాలలో వేయించి, నలుగురేసి సైనికులున్న నాలుగు జట్లను, అంటే 16 మందిని కాపలా పెట్టాడు.

సంఘం దగ్గర ఏముంది? రాజు దగ్గర పలుకుబడి లేదు. కాపలావాళ్లకు ఇవ్వడానికి ధనం లేదు. తలుపులు పగలగొట్టడానికి ఆయుధాలు లేవు. అప్పుడు లూకా ఒక వాక్యంలో రెండు సంగతులను పక్కపక్కన పెట్టి రాశాడు. ఒకటి, పేతురు చెరసాలలో ఉన్నాడు. రెండు, సంఘం అతని కోసం అత్యాసక్తితో దేవునికి ప్రార్థన చేస్తూ ఉంది (12:5). ఆ వాక్యం చదివే మనకు చెరసాలే బలమైనదిగా కనబడుతుంది. అధ్యాయం ముగిసేసరికి ఏది బలమైనదో తెలుస్తుంది.

ఇక్కడ కాలాన్ని గమనించాలి. పండుగ దినాలు గడుస్తున్నాయి, జవాబు రాలేదు. రేపు తీర్పు అనగా ముందు రాత్రి వచ్చింది, అప్పటికీ రాలేదు. ఆ రాత్రి పేతురు రెండు సంకెళ్లతో, ఇద్దరు సైనికుల మధ్య నిద్రపోతున్నాడు. మారుకు అనే యోహాను తల్లియైన మరియ ఇంట్లో అనేకులు కూడి ఇంకా ప్రార్థిస్తూనే ఉన్నారు. ఒక్క రాత్రి మోకరించి, "దేవుని చిత్తం ఎలా ఉంటే అలా జరుగుతుందిలే" అని ఎవరిళ్లకు వారు వెళ్లిపోలేదు.

ఆ తర్వాతి సంగతి మనకు తెలిసిందే. దూత వచ్చాడు, సంకెళ్లు ఊడిపడ్డాయి, ఇనుప తలుపు దానంతట అదే తెరుచుకుంది. పేతురు వచ్చి మరియ ఇంటి తలుపు తట్టాడు. రొదె అనే పనిపిల్ల అతని గొంతు గుర్తుపట్టి, ఆ సంతోషంలో తలుపు తీయడం కూడా మరచి, లోపలికి పరుగెత్తింది. లోపలివాళ్లేమో నీకు పిచ్చి పట్టిందన్నారు. ఆమె గట్టిగా చెబితే, అతని దూత అయ్యుంటాడన్నారు. పేతురు విడుదల కోసం ప్రార్థిస్తున్నవారే పేతురు వాకిట్లో ఉన్నాడంటే నమ్మలేకపోయారు!

ఈ సంగతిని లూకా దాచలేదు. దేవుడు విన్నది సందేహమే లేని వీరుల ప్రార్థన కాదు. భయంతో, సగం నమ్మకంతో, అయినా వదలకుండా మోకాళ్లమీద ఉన్న మామూలు మనుషుల ప్రార్థన. మన విశ్వాసం చిన్నదని దిగులుపడేవారికి ఈ అధ్యాయం గొప్ప ఆదరణ. ఆ ఇంట్లోని పెద్దలందరి పేర్లూ చెప్పని లూకా, తలుపు దగ్గరి పనిపిల్ల పేరు మాత్రం రాసిపెట్టడం కూడా మరచిపోకూడదు.

అత్యాసక్తి అంటే ఏమిటి?

మన బైబిల్లో అత్యాసక్తి అని అనువదించిన మాటకు మూలభాషలో ఉన్న గ్రీకు పదం 'ఎక్తెనోస్'. చాచడం, బిగువుగా సాగదీయడం అనే అర్థమున్న క్రియనుండి అది పుట్టింది. చెయ్యి చాచి అందుకోబోయేవాడి భుజం ఎలా సాగి ఉంటుందో, అలాంటి మనసు అన్నమాట. కనుక అత్యాసక్తి అంటే గొంతు పెద్దది చేయడం కాదు. కర్మెలు కొండమీద బయలు ప్రవక్తలు ఉదయంనుండి కేకలు వేశారు, జవాబిచ్చేవాడు లేకపోయాడు. షిలోహులో హన్నా పెదవులు మాత్రమే కదిలాయి, స్వరం వినబడలేదు. యెహోవా ఆమెను జ్ఞాపకం చేసుకున్నాడు. మైకు ధ్వనిని బట్టి, కన్నీళ్లను బట్టి ఆసక్తిని కొలవలేము.

అదే పదం నూతన నిబంధనలో ఇంకెక్కడ కనబడుతుందో చూస్తే విషయం మరింత తేటపడుతుంది. గెత్సేమనేలో ప్రభువు వేదనపడి మరింత ఆతురముగా ప్రార్థించాడని లూకా రాసినచోట ఉన్నది ఈ పదమే (లూకా 22:44). పేతురు తన మొదటి పత్రికలో, ఒకరియెడల ఒకరు మిక్కటమైన ప్రేమ కలిగి ఉండాలని చెప్పినచోట వాడినదీ ఈ కుటుంబంలోని మాటే (1 పేతురు 4:8). తెలుగులో అత్యాసక్తి, ఆతురము, మిక్కటము అని మూడు మాటలుగా చదువుతున్నాం గాని, మూలంలో వాటి వేరు ఒకటే.

ఎవరికోసం సంఘం అలా చాచిన చేతులతో ప్రార్థించిందో, ఆ పేతురే తర్వాత అలా చాచిన హృదయాలతో ప్రేమించుకోమని సంఘాలకు రాశాడు. ప్రార్థనలోని ఆసక్తి, సహోదర ప్రేమలోని ఆసక్తి వేర్వేరు కావు. ఒక సహోదరుడి సంగతి మనకు పట్టనప్పుడు, అతని కోసం ఎంతసేపు ప్రార్థించినా అది పెదవుల దగ్గరే ఆగిపోతుంది. అతని బాధ మన బాధ అయినప్పుడు, రెండు మాటలు చాలు.

ఒక్కరి ప్రార్థన చాలదా?

ఇక్కడ ఒక న్యాయమైన ప్రశ్న వస్తుంది. దేవుడు ఒక్కరి మొర వింటాడు కదా? ఏలీయా ఒక్కడే ప్రార్థించాడు, వర్షం కురిసింది. గది తలుపు వేసుకొని రహస్యంగా ప్రార్థించమని ప్రభువే చెప్పాడు. మరి అందరూ ఎందుకు కూడాలి? ఎక్కువమంది అడిగితే దేవుడు త్వరగా ఒప్పుకుంటాడా?

అలా అనుకోకూడదు. మన దేవుడు దరఖాస్తు మీద సంతకాలు లెక్కపెట్టే అధికారి కాడు. విస్తారమైన మాటల వల్ల వినబడుతుందని అనుకోవడం అన్యజనుల తలంపని ప్రభువు చెప్పాడు (మత్తయి 6:7). మాటల విస్తారం దేవుణ్ణి కదిలించనప్పుడు మనుషుల సంఖ్య మాత్రం కదిలిస్తుందా? అయినా ఆయనే నేర్పిన ప్రార్థన 'నా తండ్రీ' అని మొదలుకాదు. మా తండ్రి, మా అనుదినాహారం, మా ఋణాలు అంటూ అంతా బహువచనమే. గదిలో ఒంటరిగా చెప్పినా, ఆ ప్రార్థనలో సహోదరులు మన పక్కనే ఉంటారు.

కలిసి ప్రార్థించడానికి లేఖనాల్లో కనీసం మూడు కారణాలు కనబడతాయి.

మొదటిది, మనిషి అలసిపోతాడు. రెఫీదీములో అమాలేకీయులతో యుద్ధం జరిగినప్పుడు మోషే చేతులు బరువెక్కాయి. అహరోను, హూరు అతణ్ణి రాతిమీద కూర్చోబెట్టి, చెరొకవైపు నిలిచి, సూర్యుడు అస్తమించేదాకా ఆ చేతులను ఎత్తిపట్టారు (నిర్గమ 17:12). మోషే అంతటివాడి చేతులే దిగిపోతే, మూడు నెలలుగా ఆసుపత్రి వరండాలో కూర్చున్న తల్లి సంగతి ఏమిటి? ఆమెకు ప్రార్థించాలని ఉన్నా మాటలు రావు. అలాంటప్పుడు సంఘం ఆమె బదులు ప్రార్థిస్తుంది. కపెర్నహూములో నలుగురు మోసుకొచ్చిన పక్షవాయువుగల మనిషి విషయంలో ప్రభువు చూసింది మోసినవారి విశ్వాసాన్ని కూడా.

రెండవది, కృతజ్ఞత విస్తరించాలి. ఆసియలో తాను బ్రతుకుమీద ఆశ వదులుకునేంతగా కృంగిపోయానని పౌలు కొరింథీయులకు దాపరికం లేకుండా రాశాడు. మీరు ప్రార్థనతో సహాయం చేస్తుండగా, అనేకుల మూలంగా కలిగిన ఈ కృపావరం కోసం అనేకులు స్తుతులు చెల్లించాలన్నదే ఉద్దేశమని వివరించాడు (2 కొరింథీ 1:8-11). ఒక్కరే అడిగితే జవాబు వచ్చినప్పుడు ఒక్కరే స్తుతిస్తారు. నలభైమంది అడిగితే నలభై ఇళ్లలో స్తుతి పుడుతుంది. ఎక్కువమంది ప్రార్థించడం దేవుణ్ణి ఒప్పించడానికి కాదు, ఆయన మహిమ ఎక్కువమంది కళ్లబడడానికి.

మూడవది, ప్రార్థన మనల్ని ఒకరికొకరిని అప్పగిస్తుంది. 4వ అధ్యాయంలో బెదిరింపులు విన్న సంఘం ఏకమనస్సుతో బిగ్గరగా దేవునికి మొరపెట్టింది. ఆ బెదిరింపులు తీసివేయమని వారు అడగలేదు, ధైర్యంగా వాక్యం చెప్పే బలం అడిగారు. చోటు కంపించింది. ఆ వెంటనే లూకా ఏం రాశాడు? వారిలో ఎవడూ తనకు కలిగినది తనదని అనుకోలేదనీ, కొదువగలవాడు వారిలో లేడనీ రాశాడు (4:32-34). మోకాళ్లమీద ఒకటైనవారు లేచాక చేతి సంచులు కూడా విప్పారు.

ఏకీభవించడమంటే

ఇద్దరు ఏకీభవించి అడిగితే తండ్రి అనుగ్రహిస్తాడనీ, ఇద్దరు ముగ్గురు తన నామమున కూడిన చోట తాను ఉంటాననీ ప్రభువు చెప్పిన మాట మనందరికీ కంఠస్థమే (మత్తయి 18:19-20). కూటానికి ఎక్కువమంది రానప్పుడు ధైర్యం కోసం ఆ వచనం చదువుకుంటాం. తప్పు లేదు. కానీ దాని ముందు వెనుకలు కూడా చూడాలి. దానికి ముందు, నీ సహోదరుడు నీయెడల తప్పు చేస్తే ఒంటరిగా వెళ్లి మాట్లాడి అతణ్ణి సంపాదించుకో అనే బోధ ఉంది. తర్వాత, ఏడు డెబ్బదుల మారులు క్షమించాలనే బోధ ఉంది. ఆ రెండింటి మధ్యలో ఉంది ఈ వాగ్దానం. ప్రభువు చెప్పిన ఏకీభావం ఒకే మనవికి అందరూ ఆమేన్ అనడంతో ముగిసేది కాదు, మనసులు కలవాలి.

దీనికి 18వ శతాబ్దపు జర్మనీలోని హెర్న్‌హుట్ అనే చిన్న ఊరు మంచి సాక్ష్యం. జిన్‌జెండార్ఫ్ ప్రభువు భూమిలో ఆశ్రయం పొందిన మొరేవియా శరణార్థులు, ఇతర విశ్వాసులు అక్కడ నివసించేవారు. హింస తప్పించుకొని వచ్చినవారే అయినా తమలో తామే తగవులు పడ్డారు. 1727లో జిన్‌జెండార్ఫ్ ఇంటింటికీ తిరిగి మాట్లాడాడు, అందరూ కలిసి ఒక ఒడంబడికకు వచ్చారు. ఆగస్టు 13న ప్రభువు బల్ల దగ్గర ఒకరినొకరు క్షమించుకున్నారు. ఆ తర్వాతే, ఆగస్టు 27న, 24 మంది పురుషులు, 24 మంది స్త్రీలు రోజులోని గంటలను పంచుకొని ఎడతెగని ప్రార్థన ప్రారంభించారు. తరతరాలుగా కొనసాగిన ఆ ప్రార్థన నూరేళ్లు దాటింది. ప్రారంభమైన అయిదేళ్లకే, 1732లో, ఆ చిన్న సంఘం తన మొదటి మిషనరీలను కరేబియన్ దీవుల్లోని బానిసల దగ్గరకు పంపింది. ముందు సమాధానపడ్డారు, తర్వాత ప్రార్థించారు, తర్వాత లేచి వెళ్లారు. ఈ వరుస గమనించదగినది.

ఒంగోలు కొండమీద ఐదుగురు

దూరదేశపు మాట ఎందుకు, మన గడ్డమీదే అలాంటి సాక్ష్యం ఒకటుంది.

అమెరికన్ బాప్టిస్టు మిషన్ తెలుగువారి మధ్య పని 1836లో శామ్యూల్ డే రాకతో మొదలైంది, 1840లో నెల్లూరులో స్థిరపడింది. ఏళ్లు గడిచినా ఫలం చాలా కొద్దిగానే కనబడింది. ఈ పని మూసివేద్దామా అని అమెరికాలోని మిషన్ పెద్దలు ఒకటికి రెండుసార్లు ఆలోచించారు. 1853 సభలో ఆ చర్చ జరిగినప్పుడు పటంమీద ఒంటరిగా కనబడిన ఈ స్థలాన్ని బట్టి దీనికి 'లోన్ స్టార్' మిషన్, అంటే ఒంటరి నక్షత్రం, అనే పేరు వచ్చింది.

నెల్లూరులో పనిచేస్తున్న లైమన్ జ్యూయెట్ దంపతులు ఆ శీతాకాలంలో సువార్త యాత్రమీద ఉత్తరాన ఒంగోలుకు వచ్చారు. 1854 జనవరి 1 తెల్లవారుజామున వారిద్దరూ, వారితోపాటు నర్సు అనే సహోదరుడు, జూలియా, రూతు అనే సహోదరీలు ఊరి పక్కనున్న కొండ ఎక్కారు. కింద ఒంగోలు, చుట్టూ పల్లెలు. అక్కడ పాడి, వాక్యం చదువుకొని, ఈ ప్రాంతానికి ఒక సేవకుణ్ణి పంపమని ఒకరి తర్వాత ఒకరు ప్రార్థించారు. ఆ కొండకే తర్వాత ప్రార్థన కొండ అనే పేరు నిలిచింది.

ఐదుగురు. వారిలో ముగ్గురు మన దేశస్థులు, ముగ్గురు స్త్రీలు. ఆ రోజు చూసినవారెవరికీ అది లెక్కలోకి రాని సంగతి.

వెంటనే ఏం జరిగింది? ఏమీ జరగలేదు. సంవత్సరాలు గడిచాయి. 1862లో ఆరోగ్యం దెబ్బతిని జ్యూయెట్ అమెరికాలో ఉన్నప్పుడు, మిషన్ మూసివేత మాట మళ్లీ వచ్చింది. మీరు పంపకపోయినా నేనొక్కడినే తిరిగి వెళ్తానని ఆయన పట్టుబట్టాడు. చివరకు ఆయనతోపాటు జాన్ క్లౌ అనే యువకుణ్ణి పంపారు. వారు 1865లో నెల్లూరు చేరారు, 1866లో క్లౌ దంపతులు ఒంగోలులో కాపురం పెట్టారు. 1867 జనవరి 1న ఒంగోలు సంఘం 8 మంది సభ్యులతో ఏర్పడింది. కొండమీది ప్రార్థనకు సరిగ్గా పదమూడేళ్లు.

ఆ తర్వాత ఒంగోలుకు పడమర పల్లెల్లో యెర్రగుంట్ల పేరయ్య వంటి మాదిగ విశ్వాసులు కాలినడకన సువార్త చెబుతూ తిరిగారు. 1876-78 నాటి ఘోర కరువులో క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో మూడు మైళ్లకు పైగా పనిని కాంట్రాక్టుకు తీసుకొని ఆకలిగొన్నవారికి కూలి కల్పించాడు. కూడు కోసం మతంలో చేరారన్న మాట రాకూడదని, ఆ కాలంలో బాప్తిస్మాలు ఇవ్వకుండా ఆపాడు. సహాయ పనులు ముగిశాక కూడా ప్రజలు వస్తూనే ఉన్నారు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు.

ఈ చరిత్రను మనం గర్వంగా చెప్పుకుంటాం. చెప్పుకునేటప్పుడు 2,222 దగ్గర ఆగిపోతాం గాని, మధ్యలోని ఇరవై నాలుగేళ్లను వదిలేస్తాం. కొండమీద ప్రార్థించినవారు కిందికి దిగి వచ్చి పని మానలేదు. జవాబు ఆలస్యమైనప్పుడు జ్యూయెట్ తన ప్రార్థనకు తానే కట్టుబడి, జబ్బు దేహంతో వెనక్కి వచ్చాడు. పేరయ్య నడిచాడు. క్లౌ కాలువ తవ్వించాడు. కొండమీద చాచిన చేతులు అలా కిందికి దిగి పనిలో పడ్డాయి. అప్పటిదాకా ఊరి బయట ఉంచిన ప్రజలు ఆ సంఘాలకు పునాది అయ్యారు. అలాంటి చరిత్రగల మనం ఈనాడు కులం పేరిట వేర్వేరుగా కూర్చొని, ఏకమనస్సుతో ప్రార్థిస్తున్నామని చెప్పుకుంటే అది ఆ కొండను అవమానించడమే.

మరి యాకోబు సంగతి?

ఇప్పుడు తప్పించుకోకూడని ప్రశ్న. అదే 12వ అధ్యాయంలో యాకోబు చనిపోయాడు. అతని కోసం సంఘం ప్రార్థించలేదా? లేఖనం ఆ వివరం ఇవ్వలేదు. ప్రభువుతో మూడేళ్లు నడిచిన అపొస్తలుడు, అందరికీ ప్రియమైనవాడు. అతణ్ణి సంఘం మరచిపోయిందని అనుకోవడం కష్టం. యాకోబు విశ్వాసం తక్కువైందని గాని, సంఘం ఆసక్తి చాలలేదని గాని లూకా ఒక్క మాట అనలేదు. ఒకే దేవుడు, ఒకే సంఘం, ఒకే చెడ్డ రాజు. ఒకరు కత్తికి బలయ్యారు, ఒకరు చెరసాలనుండి బయటపడ్డారు. ఎందుకో చెప్పలేదు.

లేఖనం మౌనంగా ఉన్నచోట మనం నోరు పారేసుకుంటున్నాం. ఇరవై ఒక్క రోజులు సంఘమంతా ఉపవాసం ఉండి ప్రార్థించినా భర్తను పోగొట్టుకున్న సహోదరి దగ్గరకు వెళ్లి, "ఇంకొంచెం విశ్వాసంతో ప్రార్థించి ఉంటే" అనేవారు మన మధ్య ఉన్నారు. వారు మంచి ఉద్దేశంతోనే అని ఉండవచ్చు. కానీ ఆ మాట విన్న స్త్రీ మళ్లీ కూటానికి రావడానికి ఎన్ని నెలలు పడుతుందో వారికి తెలియదు. కొందరు ఎప్పటికీ రారు. గెత్సేమనేలో అందరికంటె ఆతురముగా ప్రార్థించిన ప్రభువుకే ఆ గిన్నె తొలగలేదు. ఆయన విశ్వాసం తక్కువైందని అంటామా?

కాబట్టి ప్రార్థన శక్తి అంటే అడిగినదల్లా తెప్పించుకునే శక్తి కాదు. దేవుడు తలుపు తెరిస్తే కలిసి సంతోషించడం, తెరవకపోతే ఆ సమాధి పక్కన కలిసి నిలబడడం, రెండు సందర్భాల్లోనూ ఆయనను విడిచిపెట్టకపోవడం, ఇదంతా ఆ శక్తిలో భాగమే. యాకోబును పాతిపెట్టిన సంఘమే పేతురు కోసం మళ్లీ మోకరించింది. ఆలోచిస్తే, ఆ అధ్యాయంలో ఇనుప తలుపు తెరుచుకోవడం ఎంత అద్భుతమో ఇదీ అంతే అద్భుతం. మొన్ననే ఒక ప్రార్థన కన్నీళ్లతో ముగిసినా, ఈ రాత్రి మళ్లీ ప్రార్థించడానికి వచ్చినవారిని చూడండి. మన కూటాల్లో కూడా అలాంటివారున్నారు. సంఘానికి వారే బలం.

మన కూటాలు ఎలా ఉండాలి?

ఈ మాటలన్నీ మన వారపు కూటంలోకి రావాలంటే కొన్ని చిన్న సంగతులు సరిచేసుకోవాలి.

పేరు పెట్టి, సంగతి తెలుసుకొని ప్రార్థించాలి. "రోగులందరినీ ముట్టండి ప్రభువా" అనే ఒక్క వాక్యంలో పదిమంది కష్టాలు కలిపేస్తే ఎవరి భారమూ ఎవరికీ తగలదు. ఒక కూటానికి రెండు మూడు మనవులే తీసుకొన్నా వాటి దగ్గర ఆగాలి. యెరూషలేము సంఘం ఆ రాత్రి అతని కోసం, అంటే ఒక్క మనిషి కోసం కూడింది.

మనవి చెప్పినవారి మర్యాద కాపాడాలి. ఒకరితో ఒకరు పాపములు ఒప్పుకొని, ఒకరికోసం ఒకరు ప్రార్థించమని యాకోబు పత్రిక చెబుతోంది (5:16). కానీ కొడుకు తాగుడు గురించో, కూతురి కాపురం గురించో కూటంలో చెప్పుకున్న తల్లి మాట మరునాటికి వీధి చివరిదాకా పోతే, ఆమె ఇక నోరు విప్పదు. తర్వాత ఆమె ఇచ్చే మనవి "మా కుటుంబ క్షేమం కోసం" అన్నదే. మన మనవులు ఇంత పొడిగా ఎందుకు ఉంటున్నాయో పెద్దలు ఆలోచించాలి. ప్రార్థనలో విన్నది ప్రార్థనలోనే ఉండాలి.

అందరికీ నోరు తెరిచే అవకాశం ఇవ్వాలి. పాస్టరు గారు ఒక్కరే ముప్పావు గంట ప్రార్థిస్తే మిగిలినవారు వినేవారవుతారు. చిన్న ప్రార్థనలు, పక్కవారికి వినబడే, అర్థమయ్యే మాటలు ఉంటే, ఆమేన్ అనేవారు తెలిసి అంటారు (1 కొరింథీ 14:16). చదువురాని అవ్వ, పదో తరగతి పిల్లవాడు, కొత్తగా వచ్చిన సహోదరి కూడా ప్రార్థించగలగాలి. రొదెలు లేని కూటం పేతురు గొంతు గుర్తుపట్టలేదు.

సమాధానపడి రావాలి. ఏళ్ల తరబడి మాటలు లేని ఇద్దరు పెద్దలు ఒకే చాపమీద రెండు చివర్లలో మోకరిస్తే, వారి మధ్యనున్న ఖాళీ సంఘమంతటికీ కనబడుతుంది. కూటానికి ముందు ఒక ఇంటి తలుపు తట్టడమే కొన్నిసార్లు అతి కష్టమైన ఉపవాసం.

లేచాక చేయవలసింది చేయాలి. అంతియొకయలో సంఘం ఉపవాసముండి ప్రార్థించి, బర్నబాను సౌలును పంపివేసింది. అప్పుల బాధలో ఉన్న సహోదరుడి కోసం ప్రార్థించినవారు, ఆ నెల అతని పిల్లల ఫీజు సంగతి అడగగలరు. ఆసుపత్రిలో ఉన్నవారి కోసం మోకరించినవారు ఒక రాత్రి తోడు పడుకోగలరు. ప్రార్థన దేవుని పనిని మనమీద వేసుకోవడం కాదు, ఆయన చేతుల్లోకి మనల్ని ఇచ్చుకోవడం.

జవాబులను గుర్తుపెట్టుకోవాలి. మనవులు రాసే పుస్తకంలో పక్కనే జవాబుల కోసం చోటు వదిలితే, ఏడాది తర్వాత చదివినప్పుడు స్తుతికి ఎంత కారణముందో తెలుస్తుంది. జవాబు రానివి కూడా ఆ పుస్తకంలోనే ఉండనివ్వండి. కొట్టివేయకుండా మళ్లీ ప్రార్థించండి. 1854లో రాసిన మనవికి 1867 వరకు, 1878 వరకు కూడా చోటు ఉంచవలసి వచ్చింది కదా.

చివరిగా, మీ సంఘంలో ఈ వారం కూటానికి ఐదుగురే వస్తే నిరుత్సాహపడకండి. వచ్చిన ఐదుగురు ఒకరి పేరు ఒకరికి, ఒకరి బాధ ఒకరికి తెలిసినవారైతే అది చిన్న కూటం కాదు. గత ఆదివారం "ప్రార్థన చేయండి" అని మీతో అన్నవారు ఎవరో ఒకసారి జ్ఞాపకం తెచ్చుకోండి. ఆ పేరుతో ఈ రాత్రి మొదలుపెట్టండి. రేపు వారికి ఫోను చేసి, "నిన్న మీ కోసం ప్రార్థించాం, ఎలా ఉన్నారు?" అని అడగండి. శుక్రవారం కూటానికి వస్తూ దారిలో వారి ఇంటి దగ్గర ఆగి, వారినీ వెంటబెట్టుకు రండి.

అత్యాసక్తితో ప్రార్థించే సంఘంగా ప్రభువు మనలను కట్టును గాక. ఆమేన్.